స్టీలన్నకు గుడిదీర్ఘం

ఆలూరులో కృపాకర్ ఇల్లెక్కడని అడిగితే "ఏ కృపాకర్?" అంటారు. ఐడియాల కృపాకర్ అని చెబితే దారి చూపిస్తారు. చూపించి, తమ తలుపు వేసుకుంటారు.

ఆయన సొంతూరు కొండకల్. పెళ్లయ్యాక అత్తగారింట్లోనే స్థిరపడ్డాడు. "ఆలి ఊరు గాబట్టే దీన్ని ఆలూరు అన్నరు. ఇంక నేనేడికి పోవాలె?" అని ఎవరూ అడగకముందే జవాబు చెబుతాడు. మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీకి బస్సు నడుపుతాడు. బస్సుకు గేర్లూ ఉన్నాయి, బ్రేకులూ ఉన్నాయి. ఆయన ఐడియాలకు గేర్లు మాత్రమే ఉన్నాయి.

ఆ సాయంత్రం విద్యార్థులను దింపేసి, బస్సు ఇంటి ముందుకు తెచ్చి, ఇంజను ఆపకుండానే ఫోను చెవికి పెట్టుకున్నాడు. కూతురు జెన్నీ మొయినాబాద్ స్కూల్లో ఐదో తరగతి. వాళ్ల రమ టీచర్ తల్లిదండ్రులందరికీ వాయిస్ మెసేజ్ పంపింది.

"డియర్ పేరెంట్స్, ఫిఫ్త్ క్లాసుకు ఈసారి ఆర్ట్ ప్రాజెక్టు స్టిల్ లైఫ్. ఇంట్లో వాడుకునే వస్తువులు తీసుకుని, టేబుల్ మీద అందంగా అమర్చి..."

ఇక్కడ ఇంజను ఒకసారి గుర్రుమంది. 'వాటిని చూస్తూ బొమ్మ గీయాలి' అన్న ముక్క ఆ గుర్రులో కలిసిపోయింది. తర్వాత "శనివారం ఎగ్జిబిషన్, అందరూ రావాలి" అన్నది మాత్రం గంట కొట్టినట్టు వినిపించింది.

టీచర్ అన్నది స్టిల్. అంటే కదలకుండా ఉన్న వస్తువులను చూసి గీసే బొమ్మ. కృపాకర్ చెవిలో పడ్డది స్టీల్. టీచర్ గుడి పెడితే ఈయన గుడిదీర్ఘం పెట్టుకున్నాడు. తర్వాత జరిగిన గొడవంతా ఆ దీర్ఘం చేసిందే.

"ఎస్తేరూ! ఈసారి ఫస్ట్ ప్రైజు మనదే!" బస్సు దిగుతూనే అరిచాడు.

భార్య ఎస్తేర్ కుట్టుమిషను మీద నుంచి తలెత్తలేదు. "జెన్నీదా, నీదా?"

"ఇద్దరిది! ప్రాజెక్టు పేరు స్టీల్ లైఫ్. అంటే ఏంది? ఉక్కు జీవితం! ఇంట్ల స్టీలు సామాను తీసుకోవాలె, టేబుల్ మీద నిలబెట్టాలె. నాకు అప్పుడే ఐడియా వచ్చేసింది!"

మూలన హోంవర్క్ చేసుకుంటున్న జెన్నీ మెల్లగా అంది. "డాడీ, అది స్టీల్ కాదు..."

"ఆగు బిడ్డా. పెద్దోళ్లు ప్రాజెక్టు మాట్లాడుకునేటప్పుడు పిల్లలు నడుమ రావొద్దు."

"ప్రాజెక్టు పిల్లలదే గద డాడీ?"

"అందుకే చెప్తున్న. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అన్న మాట వింటేనే జెన్నీకి ఫికరు మొదలవుతుంది. నిరుడు రంగు కాగితాలు చింపి అతికించి బొమ్మ చెయ్యమన్నారు. దాన్ని కొలాజ్ అంటారు. కృపాకర్‌కు కాలేజ్ అని వినిపించింది. రోజూ తను బస్సు ఆపే చోటే కదా, థర్మాకోలుతో నాలుగంతస్తుల కాలేజీ కట్టేశాడు. టీచర్ నోరు తెరుచుకుని చూస్తుంటే "హాస్టల్ గూడ ఉన్నది మేడం, ఎనక దిక్కు" అని తిప్పి చూపించాడు. ఆ రోజు నుంచి స్కూల్లో ఆ పిల్ల కాలేజీ జెన్నీ అయిపోయింది.

అప్పటి నుంచి జెన్నీ తను గీసిన బొమ్మలు తండ్రికి చూపించడం మానేసింది. ఆయన దగ్గరికొస్తే పుస్తకం ఎదకు హత్తుకుని లేచిపోతుంది. కృపాకర్‌కు అది కాలిలో విరిగిన తుమ్మముల్లు. ఒక్క ప్రైజు తెచ్చిపెడితే బిడ్డ మళ్లీ తన ముందు ఆ పుస్తకం తెరుస్తుందని ఆశ. ఉద్దేశం మంచిదే. ఆయన ఉద్దేశాలన్నీ మంచివే. బాధంతా అక్కడే.

ఆయన చూపు వంటింటి గూటి మీద పడింది. తోమి బోర్లించిన ఎస్తేర్ గిన్నెలు వరసగా మెరుస్తున్నాయి.

"నా గంజు ముట్టుకున్నవో, రేపటి సంది చేతుల బువ్వ తింటవు," అంది ఎస్తేర్, వెనక్కి తిరగకుండానే.

"గంజు ఒద్దు. ఒక్క బిందె ఇయ్యి."

"బిందె తెచ్చి నీ నెత్తి మీద పెడ్త."

"అదే కావాలె! నా బొమ్మకు నెత్తే తక్కువైంది!"

"నీ బొమ్మకే గాదు."

కృపాకర్ ఆ మాట విననట్టు నటించాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయనకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

"పందెం కడ్తవా?" అన్నాడు ఛాతీ విరిచి. "నా బొమ్మ గెలిస్తే, ఏడాది పొడుగూత నా ఐడియాలకు నువ్వు అడ్డం చెప్పొద్దు."

"ఓడితే? జెన్నీ టెన్త్ పాసయ్యేదాంక దాని ప్రాజెక్టుల దిక్కు కన్నెత్తి చూడొద్దు."

"ఓడుడు అన్న ముచ్చటే లేదు!"

ఎస్తేర్ లేచి కూతురిని లోపలికి పిలిచింది. వంటింట్లో కాసేపు గుసగుసలు. బయటికి వచ్చేటప్పటికి ఎస్తేర్ ముఖం మీద నవ్వుంది. ఆమె అట్లా నవ్విందంటే చర్చిలో పాస్టరుగారే ప్రసంగం కుదించుకుంటారు. కృపాకర్ మాత్రం ఆ నవ్వును ఆశీర్వాదం అనుకున్నాడు.

"నా గిన్నెలు ఒద్దు గానీ, అటక మీద గోనెసంచి ఉన్నది గదా. అది తీసుకో. అంత నీ కష్టార్జితమే."

ఆ సంచి గురించి ఒక మాట చెప్పాలి. ఏ ఇంట్లో దావత్ జరిగినా కృపాకర్ ఉత్త చేతులతో రాడు. "జెన్నీకి జర కూర పెట్టియ్యుండ్రి" అని వాళ్ల స్టీలు గిన్నెలోనే పెట్టించుకొస్తాడు. ఖాళీ గిన్నె వాపసు ఇవ్వకూడదనేది ఆలూరు మర్యాద. పప్పో, పిండివంటో, పిడికెడు బెల్లమో వేసి ఇవ్వాలి. "మంచిది ఏమన్న వండిననాడు నింపి ఇద్దాం తియ్యి" అని ఆయన గిన్నెను అటకెక్కిస్తాడు. మంచిది వండినరోజు తినడంలో పడి గిన్నె సంగతి మర్చిపోతాడు. ఇచ్చిరమ్మని చెప్పిచెప్పి ఎస్తేర్ నోరు పడిపోయింది. సంచి మాత్రం ఏటేటా బలిసింది.

అత్త మారెమ్మ కంట పడితే సవాలక్ష ప్రశ్నలు వేస్తుందని, కృపాకర్ సంచిని బస్సులోకి ఎక్కించి అక్కడే పని మొదలుపెట్టాడు. జెన్నీ కూడా వచ్చి వెనక సీట్లో పుస్తకం తెరుచుకుని కూర్చుంది. హోంవర్క్ కాబోలు అనుకున్నాడు.

చింతపండు, ముగ్గుపిండి కలిపి రుద్దాడు. నాలుక పక్కకు పెట్టి రుద్దాడు. ఏళ్ల నాటి జిడ్డు వదిలి గిన్నెలు అద్దాలయ్యాయి. జిడ్డుతో పాటు ఇంకోటి కూడా బయటపడింది. ప్రతి గిన్నె మీదా చుక్కచుక్కగా కొట్టించిన యజమాని పేరు.

"డాడీ, వీటి మీద అందరి పేర్లున్నయి," అంది జెన్నీ.

"దూరం కెళ్లి చూస్తే చుక్కలే బిడ్డా. డిజైన్ లెక్క మంచిగున్నది."

"డాడీ, అసలు స్టిల్ అంటే..."

"నాకు తెల్వదా? స్టీలుకు తుప్పు పట్టదు. అదే దాని లైఫు!"

జెన్నీ మూడోసారి చెప్పబోయి ఊరుకుంది. పెన్సిలు చెక్కుకుంది.

శుక్రవారం సాయంత్రానికి బస్సులో ఒక నిలువెత్తు మనిషి తయారయ్యాడు. డబ్బాల కాళ్లు, పొడుగాటి టిఫిన్ క్యారియర్ ఒళ్లు, బోర్లించిన బగోన గిన్నె తల, గిలాసల కళ్లు. కుడిచేతికి ఒక పెద్ద గరిటె. ఛాతీ మీద గుండెకాయగా ఒక చిన్న గుండ్రటి డబ్బీ. అన్నింటినీ కరెంటు వైరుతో బిగించి కట్టాడు. పేరు కూడా పెట్టాడు. స్టీలన్న.

ఆనందం పట్టలేక ఫోటో తీశాడు. కానీ సగం ఊరు తన ఫోన్లో ఉందని గుర్తొచ్చి, ఫోటో దాచి రాత మాత్రమే స్టేటస్‌లో పెట్టాడు. 'రేపు మొయినాబాద్‌లో అద్భుతం. అందరూ రావాలె.'

శనివారం పొద్దున స్టీలన్న ముందు సీట్లో కూర్చుని ప్రయాణం చేశాడు. చేవెళ్లలో ఎక్కిన ఇంజనీరింగ్ పిల్లలు ఒక్కొక్కరూ ఆయన భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగారు. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా స్టీలన్న గలగలా నవ్వాడు, కృపాకర్ కూడా నవ్వాడు. "అన్నా, నీ కొత్త కండక్టర్ మస్తున్నడే!" అని వెనక నుంచి ఎవరో అరిస్తే హారను కొట్టి జవాబిచ్చాడు. అంత సంతోషంగా ఆ బస్సు ఎప్పుడూ నడవలేదు.

పిల్లల్ని కాలేజీలో దింపి, స్టీలన్నను స్కూలు హాల్లోకి మోసుకొచ్చి టేబుల్ మీద నిలబెట్టాడు. చుట్టూ చూశాడు. గోడల నిండా కాగితాలు. ఒకదాని మీద జామపండ్లు, ఒకదాని మీద కుండ, ఇంకోదాని మీద ఎవరి చెప్పులో.

'పాపం, ఇంట్ల స్టీలు లేనోళ్లు,' అని జాలిపడ్డాడు.

రమ టీచర్ వచ్చి స్టీలన్నను కింద నుంచి మీదికి చూసింది. "కృపాకర్ గారూ, మళ్లీ ఏం విన్నారు?"

"స్టీల్ లైఫ్ మేడం! ఒక్క ముక్క గూడ బజార్ల కొన్నది గాదు. అంత ఇంటిదే!"

టీచర్ ఏదో చెప్పబోయింది. అంతలో ఎస్తేర్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ల వెనకే గుమ్మంలో పెద్ద సందడి. రెండు ఆటోల నిండా ఆలూరు ఆడవాళ్లు, చర్చి పెద్ద స్వామిదాసు తాతతో సహా దిగారు. కృపాకర్ గుండె ఉప్పొంగింది. తన స్టేటస్‌కు ఇంత విలువుందా!

"రండి రండి! జర దూరం కెళ్లి చూడుండ్రి!"

పక్కింటి బాలనర్సమ్మ దూరం నుంచి చూడలేదు. ముక్కు ఆనేంత దగ్గరికి వచ్చి స్టీలన్న ముఖం చదివింది.

"బా... ల... నర్సమ్మ. ఓ తమ్మీ! వీని నెత్తి నా బగోన!"

"అవ్వా, అది..."

"నా బిడ్డ ఓణీల దావత్ నాడు బోటి కూర పెట్టిచ్చిన బగోన! బిడ్డకు పెండ్లయి బిడ్డ పుట్టింది, బగోన రాలే!"

అంటూనే వైరు తప్పించి లాగింది. స్టీలన్న తల ఊడి ఆమె చేతికొచ్చింది. గిలాసల కళ్లు రెండూ కింద పడి టేబుళ్ల కిందికి దొర్లిపోయాయి.

"అవ్వా, జర ఆగు, ఇంక ప్రైజు ఇయ్యలే!"

ఈసారి స్వామిదాసు తాత కళ్లజోడు సవరించుకున్నాడు. "కొడుకా, ఈ చెయ్యి మన చర్చి గరిటె గాదా? ఇది కనబడక మూడు క్రిస్మస్‌ల సంది సాంబారు మగ్గుతోని పోస్తున్నం."

"తాతా, చెయ్యి తీస్తే మనిషి ఒంటిచేతోడు అయితడు!"

"అయితే కానీ. ప్రార్థన చేస్తం."

చెయ్యి పోయింది. అంతలో జెన్నీ స్నేహితురాలు ఆద్య వాళ్ల నాయనమ్మ వచ్చింది. ఆవిడ పేరు బాలత్రిపురసుందరి. గోదావరి జిల్లా నుంచి వచ్చి గండిపేట దగ్గర విల్లా కట్టుకున్న కుటుంబం. గృహప్రవేశానికి చుట్టాలను తెచ్చిన బస్సు కృపాకర్‌దే. ఆవిడ స్టీలన్న ఒంటి చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టింది. భక్తితో కాదు, చదవడానికి. ఆవిడ పూర్తి పేరు, భర్త పేరుతో కలిపి, క్యారియర్ చుట్టూ తిరిగి, చోటు చాలక మూత మీదికి ఎక్కింది.

"బాలత్రిపురసుందరి... సత్యనారాయణ... మూర్తి మూత మీదున్నారు! ఇది మా కేరేజీ కదండీ! పులిహోర పెట్టిచ్చాను, గుర్తుందా బాబూ? మావారు ఇప్పటికీ వంటమనిషినే అనుమానిస్తున్నారండీ!"

ఒళ్లు కూడా పోయింది. ఒంటితో పాటు ఛాతీకి కట్టిన గుండె డబ్బీ జారి, దొర్లుకుంటూ వెళ్లి మారెమ్మ కాళ్ల దగ్గర ఆగింది.

మారెమ్మ వంగి తీసింది. అది ఆమె తమలపాకుల డబ్బీ. చనిపోయిన భర్త చేవెళ్ల అంగట్లో కొని, పేరు కొట్టించి ఇచ్చింది. అది పోయినప్పుడు బాలనర్సమ్మే తీసిందని మారెమ్మ అన్నది. నా బగోన నువ్వే దాచినవని బాలనర్సమ్మ అన్నది. నాటి నుంచి గోడకు ఇటు ఒకరు అటు ఒకరు, పలకరింపుల్లేవు. ఇంతకీ దాన్ని తీసింది కృపాకర్, బస్సు నట్లు, బోల్టులు వేసుకోవడానికి.

మారెమ్మ డబ్బీ వంక చూసింది. బాలనర్సమ్మ బగోన వంక చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అక్కా!"

"చెల్లే!"

హాలు మధ్యలో ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. ఏళ్ల తగాదా తీర్చినందుకు తనను మెచ్చుకుంటారని కృపాకర్ ఒక్క క్షణం ఆశపడ్డాడు. ఇద్దరూ కలిసి ఆయన వైపు తిరిగారు.

"అల్లుడా!"

"తమ్మీ!"

కృపాకర్ రమ టీచర్ వెనక్కి జరిగాడు. "మేడం, మీరే చెప్పుండ్రి. స్టీల్ లైఫ్ అన్నది మీరే గదా?"

"స్టిల్ సార్, స్టిల్. గుడి, దీర్ఘం లేదు. కదలని వస్తువులను చూసి బొమ్మ గీయడం."

కృపాకర్ హాలంతా చూశాడు. బగోన బాలనర్సమ్మ చంకలో ఉంది. గరిటె తాత భుజానికెక్కింది. క్యారియర్ ఆద్య వాళ్ల నాయనమ్మ చేతిలో ఊగుతోంది. డబ్బాల కాళ్లు చెరో దిక్కుకు నడిచిపోతున్నాయి. ఆయన తెచ్చిన సామానులో కదలనిది ఒక్కటీ లేదు.

కాదు, ఒక్కటుంది. దొర్లిన గిలాసల్లో ఒకదాన్ని ఎవరూ మాది అనలేదు. కృపాకర్ తీసి చూశాడు. చుక్కచుక్కగా 'జెన్నీ' అని ఉంది. బిడ్డ పుట్టినప్పుడు తనే కొట్టించింది. సంచిలో ఎట్లా కలిసిందో. ఈ స్టీలన్నలో తన సొంతం ఇదొక్కటే.

జెన్నీ కోసం చూశాడు. ఎక్కడికి పోయి దాక్కుందో. కాలేజీ జెన్నీ కాస్తా రేపటి నుంచి స్టీలు జెన్నీ అవుతుంది. ఇక ఆ పుస్తకం తన ముందు జన్మలో తెరవదు. గిలాస గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు రమ టీచర్ చప్పట్లు కొట్టి అందరినీ పిలిచింది. "ఫస్ట్ ప్రైజు చెప్తున్నా. జెన్నీ, ఫిఫ్త్ క్లాస్!"

"మేడం, నా బొమ్మ ఖతమయింది గదా?" అన్నాడు కృపాకర్ అయోమయంగా.

"మీ బొమ్మకు కాదు సార్. జెన్నీ గీసిన బొమ్మకు."

గోడ మీద, జామపండ్లకూ చెప్పులకూ నడుమ, పెన్సిలుతో గీసిన కాగితం. బస్సు సీటు మీద గిన్నెల కుప్ప, ఒరిగిన గరిటె, మూత తీసిన క్యారియర్. అన్నింటికన్నా ముందు బగోన. దాని మెరిసే పొట్టలో ఒక మనిషి నీడ. ముక్కు ఇంత లావు, చెవులు అంత పొడుగు, నాలుక పక్కకు పెట్టి లోకం మరిచి గిన్నె తోముతున్నాడు.

ఊరివాళ్లు గుర్తుపట్టి గొల్లున నవ్వారు. కృపాకర్ మాత్రం నవ్వలేదు. దగ్గరికి వెళ్లి, కింద రాసిన పేరు చదువుకున్నాడు. 'స్టిల్ లైఫ్, మా డాడీతో.'

వెనక నుంచి జెన్నీ వచ్చి చెయ్యి పట్టుకుంది. "చెప్దామంటే మీరు వినలే డాడీ. కానీ గిన్నెలు మస్తు మెరిపిచ్చిండ్రు. గట్ల మెరవకుంటే మీ ముఖం కనబడకపోవు."

కృపాకర్ బొమ్మ కింది పేరు ఇంకోసారి చదువుకున్నాడు. గిలాస కూతురి చేతిలో పెట్టాడు. పెట్టిన మరుక్షణం, ఆయన కృపాకర్ కాబట్టి, ఒక ఆలోచన వచ్చింది. "అంటే ఎస్తేరూ, ప్రైజు మన ఇంటికే వచ్చింది. పందెం నేనే గెలిచినట్టు గదా?"

"నీ బొమ్మ గెలిస్తే అన్నవు. నీ బొమ్మ ఏడున్నది, చూపియ్యి?"

ఆయన చూపించలేకపోయాడు. అది అప్పటికే ఆటో ఎక్కుతోంది.

"వీళ్లంత నా స్టేటస్ చూసి వచ్చిండ్రనుకున్న," అని గొణిగాడు.

"స్టేటస్ ఎవరు చూసిండ్రు? మీ గిన్నెలు దొరికినయి, శనివారం వచ్చి తీసుకపోండ్రని ఇంటింటికి నేనే ఫోన్ చేసిన. ఏండ్ల సంది నువ్వు ఇచ్చిరాని సామాను, ఒక్కపూటల తోమి, మోసి, బస్సుల పెట్టి తెచ్చి ఇచ్చినవు." ఎస్తేర్ ఆగి, ఆటో వైపు గొంతు పెంచింది. "ఓ అక్కలారా! ఖాళీ గిన్నెలు తీసుకపోతారా? గది మర్యాద గాదు. అన్ని ఈడనే పెట్టుండ్రి. రేపు చర్చి అయినంక కోడికూర నింపి ఇల్లిల్లు తెచ్చి ఇస్తడు."

"ఎవరు?" అన్నాడు కృపాకర్.

ఆటోలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. వాళ్లందరికీ తెలుసు.

మరునాడు ఆలూరులో తమ ఇంటి వాకిట్లో ఉల్లిగడ్డల గుట్ట ముందు కృపాకర్ కూర్చున్నాడు. కళ్ల నుంచి నీళ్లు ధారలు. చుట్టూ మూతలు తీసిన గిన్నెలు, వాటి మీద ఊరందరి పేర్లు. పక్కన అరుగు మీద మారెమ్మ, బాలనర్సమ్మ ఒకే డబ్బీలోంచి ఆకులు నములుతూ, "ముక్కలు జర సన్నగ కొయ్యి" అని చెరోవైపు నుంచి చెబుతున్నారు.

జెన్నీ వచ్చి ఎదురుగా కూర్చుంది. పుస్తకం ఎదకు హత్తుకోలేదు. తండ్రి ముందే తెరిచింది.

"గట్లనే ఉండుండ్రి డాడీ. కదలకుండ్రి. స్టిల్."

"స్టీలా?"

"స్టిల్!" అని వాకిట్లో ఉన్న ఆడవాళ్లందరూ ఒక్కసారే అరిచారు.

కృపాకర్ కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపాడు. ముక్కు కొసన ఒక కన్నీటి చుక్క వేలాడుతోంది. సరిగ్గా అప్పుడే ఆయనకు ఒక బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. కళ్లు మెరిశాయి. పెదాలు అదిరాయి.

అయినా కదలలేదు.